బ్రౌజర్ నుంచి ఎస్3కి ఫైలు పంపడం: సర్వర్ ఇవ్వాల్సింది అనుమతి మాత్రమే

విద్యార్థులు తమ మార్కుల మెమోను పీడీఎఫ్‌గా పంపే దరఖాస్తు ఫారాన్ని మీరు నోడ్‌జేఎస్‌లో తయారుచేస్తున్నారనుకుందాం. ఫైలును ముందు సర్వర్‌కు రప్పించి, అక్కడి నుంచి అమెజాన్ క్లౌడ్ నిల్వ సేవ ఎస్3లోని బకెట్‌లో (ఫైళ్లు దాచే చోటు) పెట్టడమే చాలామందికి మొదట తోచే పద్ధతి. గడువు చివరి రోజున వందలమంది ఒకేసారి అప్‌లోడ్ చేస్తే సర్వర్ మెమరీ మీద పడే భారమంతా దీనివల్లే వస్తుంది. సర్వర్‌కు ముందు రిక్వెస్టులను అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ ఉండి, దాని డిఫాల్ట్ పరిమితిని మార్చకపోతే 1 ఎంబీ దాటిన ప్రతి ఫైలూ 413 (ఫైలు మరీ పెద్దది) ఎర్రర్‌తో వెనక్కి వస్తుంది.

ఫైలు బ్రౌజర్ నుంచి నేరుగా బకెట్‌లోకి వెళ్లేలా, సర్వర్ సంతకం చేసిన అనుమతిని మాత్రమే ఇచ్చేలా రాయండి. ప్రీసైన్డ్ (ముందే సంతకం చేసిన) పుట్, ప్రీసైన్డ్ పోస్ట్ అని దీనికి రెండు దారులున్నాయి. ఫైలు సైజుకు కనిష్ఠ, గరిష్ఠ హద్దులను పాలసీలోనే (సంతకం చేసే షరతుల జాబితా) రాసే వీలు పోస్ట్‌కు మాత్రమే ఉంది కాబట్టి ఇలాంటి ఫారాలకు నేను దాన్నే వాడతాను.

అనుమతి అడిగినవారు లాగిన్ అయ్యారో లేదో ముందుగా సర్వర్ చూడాలి. ఆ తర్వాత ఫైలు కీని, అంటే బకెట్‌లో దాని పేరును, సర్వరే తయారుచేయాలి. విద్యార్థి పెట్టిన పేరునే కీగా వాడిన రోజుల్లో ఇద్దరు 'మెమో.పీడీఎఫ్' అనే పేరుతోనే పంపగా, రెండోది మొదటిదాని స్థానంలో చేరి మొదటి విద్యార్థి మెమో పోవడం నేను చూశాను. అప్పటి నుంచి దరఖాస్తు సంఖ్య, దాని వెంట ఒక యూయూఐడీ (ప్రతిసారీ వేరుగా ఉండే గుర్తింపు కోడ్) కలిపి కీ తయారుచేస్తున్నాను. పాలసీలో ఆ కీని, పీడీఎఫ్ కంటెంట్ టైప్‌ను, 1 నుంచి 20,97,152 బైట్ల వరకు, అంటే 2 ఎంబీ దాకా, సైజు హద్దును, 300 సెకన్ల గడువును రాయండి.

సంతకం మీ సర్వర్‌లోనే లెక్కకట్టే పని. దానికోసం ఎస్3ని అడగడం ఉండదు. అందుకే సర్వర్ రోల్‌కు (అమెజాన్‌లో సర్వర్ హక్కులను నిర్ణయించే గుర్తింపు) బకెట్‌లో రాసే హక్కు లేకపోయినా అనుమతి చక్కగా తయారవుతుంది, 403 (అనుమతి లేదు) ఎర్రర్ మాత్రం అప్‌లోడ్ సమయంలో బ్రౌజర్‌లో బయటపడుతుంది.

బ్రౌజర్‌లో ఫారమ్‌డేటాకు (పంపాల్సిన ఫీల్డుల మూట) సర్వర్ ఇచ్చిన ఫీల్డులన్నీ ముందు చేర్చి, ఫైలును అన్నిటికంటే చివర చేర్చాలి. ఫైలు తర్వాత వచ్చే ఫీల్డులను ఎస్3 పట్టించుకోదు. రిక్వెస్ట్‌కు కంటెంట్-టైప్ హెడర్‌ను మీరు చేత్తో పెట్టకండి, పెడితే ఫీల్డులను వేరుచేసేందుకు బ్రౌజర్ చేర్చాల్సిన బౌండరీ గుర్తు పోతుంది. బకెట్ కార్స్ అమరికలో (ఏ సైట్ల పేజీల నుంచి రిక్వెస్టులు రావచ్చో చెప్పేది) మీ సైటు చిరునామాను చివర స్లాష్ లేకుండా రాసి, పోస్ట్‌ను అనుమతించండి. అంతా సరిగ్గా జరిగితే మామూలుగా 204 (విజయం) జవాబు వస్తుంది.

ఆ 204ను నమ్మి దరఖాస్తు పూర్తయిందని రాసేయడం తప్పు. కంటెంట్ టైప్ అనేది బ్రౌజర్ చెప్పిన మాటే, ఫైలు లోపల ఏముందో ఎస్3 చూడదు. సర్వర్ ఆ కీని తెరిచి సైజు చూసి, మొదటి కొన్ని బైట్లను మాత్రమే చదివి, శాతం గుర్తు, దాని వెంట పి, డి, ఎఫ్ అక్షరాలు ఉన్నాయని తేల్చుకున్నాకే డేటాబేస్‌లో ఖరారు చేయాలి. ఖరారు కాని ఫైళ్లను వేరే ప్రిఫిక్స్ (కీ మొదట్లో వచ్చే భాగం) కింద ఉంచితే, లైఫ్‌సైకిల్ నియమం ఒకటి పెట్టి ఒక రోజు తర్వాత వాటంతట అవే తొలగిపోయేలా చేయవచ్చు.

బకెట్‌ను ఎప్పుడూ పబ్లిక్ చేయకండి. మెమోలో విద్యార్థి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. పరిశీలించే ఉద్యోగికి కొద్ది నిమిషాలే పనిచేసే ప్రీసైన్డ్ గెట్ లింకు ఇవ్వండి.