ఊరి గుట్టకు మళ్లీ అడవి రావాలంటే: బయటి నుంచి సాయం చేయాలనుకునేవాళ్లకు

జూన్ మొదలవగానే నాకు ఫోన్లు వస్తాయి. "అక్కా, మా ఆఫీసు వాళ్లం కలిసి మా ఊరి గుట్ట మీద వెయ్యి మొక్కలు నాటుదామనుకుంటున్నాం. ఏ మొక్కలు తెమ్మంటారు?" చేసేది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటున్న మా ధర్మవరం పక్క పిల్లలే. మంచి మనసుతోనే అడుగుతారు. మొక్కలు వద్దు నాయనా, ఆ డబ్బుతో గుట్టకు ఒక కావలి మనిషిని పెట్టి ఏడాది జీతం ఇవ్వండి అంటాను. సగం మంది మళ్లీ ఫోన్ చేయరు. మిగిలిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

మా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. జూలైలో నాటిన నర్సరీ మొక్క మే నెల దాటాలంటే ఎవరో ఒకరు నీళ్లు పోయాలి. గుట్ట మీదికి ట్యాంకర్ ఎక్కదు. బిందెలు మోసే ఓపిక ఎవరికీ ఉండదు. అయితే బోడిగా కనిపించే గుట్టల్లో చాలావాటిలో అడవి ఇంకా చావలేదు, నేల కింద ఉంది. గొడ్డలి దెబ్బలు తిని, మేకలు కొరికి, ఏటేటా నిప్పు తగిలి, మోకాలెత్తు కూడా ఎదగలేక ముడుచుకున్న మోళ్లు అక్కడ ఉంటాయి. మోదుగ, చండ్ర, బిల్లు, తునికి, నారేప. గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. దాని వేరు వయసులో మీకంటే పెద్దదై ఉండొచ్చు.

తొలకరి పడ్డాక అలాంటి మోడు చుట్టూ గుబురుగా పిలకలు లేస్తాయి. నేలకు దగ్గరగా పుట్టి నిటారుగా పోతున్నవి రెండో మూడో ఉంచి, మిగతావి కొడవలితో ఏటవాలుగా కోసేయాలి. కోసింది మేకలకు వేసేయొచ్చు. వేరులో ఉన్న బలమంతా ఆ రెండు మూడింటికే పోతుంది కాబట్టి, ఏ నర్సరీ మొక్కా వాటిని అందుకోలేదు. మీ బృందం ఆదివారం వచ్చి ఏదో ఒకటి చేయాలని చేతులు దురద పెడుతుంటే ఈ పని చేయండి. కానీ ఊళ్లో ఒక పెద్దాయన్ని వెంట పెట్టుకోండి, లేకపోతే ఏది చండ్రో ఏది సర్కారు తుమ్మో తెలియక తప్పుదాన్ని సాకుతారు.

ఇంకో మాట. రేగు పొదల్ని, కలే పొదల్ని 'శుభ్రం' చేయకండి. సిటీ నుంచి వచ్చినవాళ్లు కొడవలి పట్టుకోగానే మొదట నరికేది వాటినే. ఒకసారి రేగు పొద ముందు కూర్చుని, కొమ్మలు కర్రతో పక్కకు జరిపి లోపలికి చూడండి. మధ్యలో జానెడు వేప మొక్క ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు రకాల మొక్కలు ఉంటాయి. పికిలి పిట్టో గోరింకో పండు తిని వచ్చి ఆ కొమ్మ మీద వాలి, రెట్టతో పాటు గింజ వేసి పోయింది. ముల్లు ఉంది కాబట్టి మేక మూతి అక్కడికి పోలేదు. ఆకు రాలిన చోట కాస్త తేమ కూడా నిలిచింది. విత్తన బంతులు విసరడం ఫొటోలకు బాగుంటుంది. పిట్ట మాత్రం చోటు చూసుకుని విత్తుతుంది. విత్తనాలే వేయాలనుకుంటే వేప గింజ రాలిన వారం పది రోజుల్లో వేయండి, ఆలస్యమయ్యేకొద్దీ దాని మొలక శక్తి పోతుంది.

చెట్లు లేని చోటల్లా చెట్లు పెట్టాలనుకోవడం కూడా మానుకోవాలి. కర్నూలు పక్క రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రకటించింది బట్టమేక పిట్ట కోసం. అది గడ్డి మైదానంలో బతికే పక్షి. ఇప్పుడు అక్కడ అది కనపడటమే గగనమైపోయింది. కృష్ణ జింక, తోడేలు, కౌజు పిట్ట, వీటికీ గడ్డి నేలే కావాలి. మీ ఊరి బీడులో మట్టి పలచగా ఉండి, వానాకాలంలో నడుమెత్తు గడ్డి వస్తూ ఉంటే దాన్ని గడ్డిగానే ఉండనివ్వండి. అనుమానంగా ఉంటే గుట్టకు, బండకు, వంకకు ఉన్న పాత పేర్లు అడగండి. ఫలానా మాకుల గట్టు, తోడేలు గుండు, జింకల బయలు లాంటి పేరు దొరికితే అక్కడ ఒకప్పుడు ఏముందో తెలిసిపోతుంది. పక్కన దేవుడి వనం ఏదైనా మిగిలి ఉంటే అక్కడి చెట్ల పేర్లూ రాసుకోండి.

మేకలవాళ్లతో మాట

అసలు పని ఇదే. దీనికి పట్టేంత టైమ్ మిగతా పనులన్నిటికీ కలిపినా పట్టదు. మీటింగ్ పంచాయతీ ఆఫీసులో పెడితే మైకు పట్టుకునేవాళ్లే వస్తారు, మేకలవాళ్లు రారు. పగలంతా వాళ్లు మంద వెంట ఉంటారు. పొద్దుగూకాక దొడ్డి దగ్గరికి వెళ్లండి, వెళ్లగానే గుట్ట సంగతి ఎత్తకండి. ఈసారి గడ్డి ఎట్లా ఉంది, పిల్లలెన్ని పడ్డాయి, గాలికుంటు ఏమైనా వచ్చిందా, ఇవి మాట్లాడాక "ఏ నెలలో ఎక్కడ మేపుతారు తాతా?" అని అడగండి. ఆయన చెప్పే లెక్క ఏ రిపోర్టులోనూ దొరకదు. గుట్ట మొత్తం మూసేద్దామంటే ఆయన అడిగే మొదటి ప్రశ్న నాకు కంఠతా వచ్చు: "మరి యాడ మేపాల, మీ మిద్దె మీదనా?"

న్యాయమైన ప్రశ్న. గుట్ట మీద ఎక్కువగా ఆధారపడేది సెంటు భూమి లేనివాళ్లు. మేకలు, కట్టెలు, చీపురు పుల్లలు, ఈత బరిగెలు, సీతాఫలాలు, అన్నీ అక్కడివే. పొలాలు, బోర్లు ఉన్నవాళ్లు గుట్ట మూయడానికి సులభంగా ఒప్పుకుంటారు, వాళ్లకు పోయేదేమీ లేదు. అందుకే గుట్టను మూడు భాగాలు చేసి, ఒక భాగాన్నే రెండు మూడేళ్లు మూయమంటాను. మూసిన భాగంలోకి మంద పోకూడదు గానీ కొడవలితో గడ్డి కోసుకుపోవచ్చు. ఏ భాగమన్నది మేకలవాళ్లే తేల్చాలి. జరిమానా ఎంతన్నదీ వాళ్లనే చెప్పమనండి. బయటివాళ్లం చెప్పే రేటు కన్నా వాళ్లు చెప్పేదే ఎక్కువ ఉంటుంది, ఆశ్చర్యపోకండి. ఆడవాళ్లను విడిగా అడగాలి. కట్టెలకు వెళ్లేది వాళ్లే, మగవాళ్ల ముందు నోరు విప్పరు. కట్టుబాటు కుదిరాక ఊళ్లో చాటింపు వేయించండి, గుడి మైకులో చెప్పించండి. పక్క ఊళ్లకు తప్పకుండా కబురు పెట్టండి, గొడవలు అక్కడి నుంచే వస్తాయి.

చెన్నేకొత్తపల్లి పక్కన ఊళ్లవాళ్లే కాపాడుకుంటున్న కల్పవల్లి అడవికి వీలైతే ఊరివాళ్లను ఒకరోజు తీసుకెళ్లండి. 1990ల మొదట్లో ముష్టికోవెల ఊరివాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో బోడి గుట్టల్ని కాపాడటం మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి. ఇప్పుడది ఏడు వేల ఎకరాలకు పైమాటే. అక్కడ ఎక్కువగా జరిగింది నాటడం కాదు, నిప్పు నుంచీ గొడ్డలి నుంచీ కాపాడటం. మీరు పది మీటింగుల్లో చెప్పలేనిది అక్కడి మేకలాయన మన ఊరి మేకలాయనకు అరగంటలో చెప్పేస్తాడు. బస్సు ఖర్చు, భోజనం ఖర్చు మీరు పెట్టుకోండి. మీరిచ్చే సాయాల్లో ఇదొకటి గొప్పది.

కాగితం

ఆ కల్పవల్లి గుట్టల మీదికే తర్వాత గాలిమరలు వచ్చాయి. వాటి కోసం గుట్టలు తవ్వి రోడ్లు వేశారు. రికార్డుల్లో ఆ భూమి రెవెన్యూ బంజరుగా ఉండటమే దానికి దారి ఇచ్చింది. కాబట్టి మీ గుట్ట ఎవరి పేరున ఉందో మొదటి నెలలోనే తేల్చుకోండి. సర్వే నంబర్ కనుక్కుని అడంగల్, పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) అనే భూమి రికార్డులు తీయించండి. మేత పోరంబోకా, బంజరా, అటవీ శాఖదా, ఎవరికైనా అసైన్ అయిందా, అంటే సర్కారు పట్టా ఇచ్చిందా చూడండి. అటవీ శాఖదైతే బీట్ ఆఫీసర్‌తో మొదలుపెట్టి, వన సంరక్షణ సమితి ఉందో లేదో అడగండి. పోరంబోకైతే గ్రామసభ తీర్మానం కావాలి. ఊరుమ్మడి భూముల్ని ఆక్రమణల నుంచి కాపాడాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది, దాని కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. చాలాచోట్ల కాగితం మీదే ఉంటుంది. దాన్ని లేపి, గుట్ట మీది చెట్లు, జంతువులు, మందు మొక్కలు రిజిస్టర్‌లో ఎక్కించండి. ఇంటర్నెట్ తెలిసి, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది. ఊరివాళ్లకు తిరిగితే ఒక రోజు కూలి పోతుంది, మీకు ఒక సెలవు పోతుంది.

కంప, నిప్పు

కంప అంటే సర్కారు తుమ్మ, బయటి దేశం నుంచి వచ్చి నేలనంతా ఆక్రమించే ముళ్ల చెట్టు. అది మా పక్కకు కొత్తేమీ కాదు. 1877 ప్రాంతంలో దేశంలోనే మొదటగా కడప జిల్లా కమలాపురం దగ్గర వేశారని రికార్డులు చెబుతాయి. పైన నరికితే రెట్టింపై లేస్తుంది. నేల కింద జానెడు లోతున వేరూ కాండం కలిసే మొదలు తెగేదాకా తవ్వి తీయాలి. జేసీబీతో ఒకేసారి గుట్టంతా గీకేయకండి. మట్టి కొట్టుకుపోతుంది, కట్టెలకు బొగ్గులకు దానిమీద బతికేవాళ్లు రోడ్డున పడతారు, మట్టిలో ఉన్న గింజలన్నీ మరుసటి వానకు ఒక్కసారిగా మొలుస్తాయి. వంక పక్కన మొదలుపెట్టి, ఏటా కొంత తీసుకుంటూ, తీసిన చోట వచ్చే పిల్ల మొక్కల్ని వానల్లో నేల మెత్తగా ఉన్నప్పుడే చేత్తో పీకేయాలి. దాని కాయలు తిన్న పశువుల పేడలో గింజలు చెక్కుచెదరకుండా వస్తాయి. కాయల కాలంలో మందను ఎటు తోలాలో కావలి మనిషి చూసుకోవాలి.

నిప్పు భయం ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా. కొందరు లేత గడ్డి వస్తుందని పెడతారు, కొన్నిసార్లు తాగి పారేసిన బీడీ చాలు. జనవరి ఆఖరుకల్లా దారుల వెంట, పొలాల గట్ల వెంట గడ్డి కోసేసి ఫైర్ లైన్లు తీయాలి. ఈ పనికి కూలి డబ్బులు ఇవ్వండి, పుణ్యానికి చేయమనకండి. కావలి మనిషికి మంచి టార్చి, చెప్పులు, ఫోన్ రీచార్జి. జీతం ఉపాధి కూలి కన్నా తగ్గకూడదు, నెల నెలా పడాలి. డబ్బు సర్పంచ్ చేతికో, మీకు తెలిసిన బంధువు చేతికో ఇవ్వకండి. సంఘం పేరున ఖాతా, రెండు సంతకాలు, అందులో ఒకటి మేకలవాళ్ల తరఫు మనిషిది. కాస్త నిలదొక్కుకున్నాక 1995 మ్యాక్స్ (పరస్పర సహాయక సహకార సంఘాల) చట్టం కింద సహకార సంఘంగా రిజిస్టర్ చేసుకోవచ్చు.

గుట్ట పచ్చబడ్డాక వచ్చే తలనొప్పిని ముందే చెప్పేయండి. అడవి పందులు వస్తాయి. వేరుశనగ చేలో ఒక్క రాత్రి దిగితే రైతుకు ఏమీ మిగలదు. గొర్రె పిల్లల్ని తోడేలు ఎత్తుకుపోతుంది. ఎలుగుబంటి ఎదురుపడుతుంది. ఈ మాట దాచి పని మొదలుపెడితే మూడో ఏడు ఊరే గుట్టకు నిప్పు పెడుతుంది, లేదా చేనుకు కరెంటు తీగ చుడుతుంది. ఆ తీగకు పంది కన్నా ముందు మనిషే చస్తాడు. పంట నష్టానికీ, చచ్చిన పశువుకూ అటవీ శాఖ పరిహారం ఇస్తుంది గానీ, వెంటనే ఫొటోలు తీసి అర్జీ పెట్టాలి. పశువైతే కళేబరాన్ని కదపకుండా అధికారులు, పశువుల డాక్టరు వచ్చేదాకా ఉంచాలి. ఊళ్లో చదువుకున్న ఒక పిల్లనో పిల్లాడినో ఈ అర్జీల పనికి పెట్టండి. వాళ్ల ప్రయాణ ఖర్చులు మీ ఆఫీసు గ్రూపు భరించండి. పరిహారం రావడానికి నెలలు పడితే, వచ్చేలోగా రైతుకు చేబదులు ఇవ్వడానికి సంఘం ఖాతాలో కొంత డబ్బు విడిగా ఉంచండి.