స్లో కుక్కర్ పాఠాలు – 4: రెడ్ వైన్‌లో బీఫ్ పాట్ రోస్ట్

స్లో కుక్కర్ అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్. పోయిన పాఠంలో దానిలో కోడి తొడలతో స్టూ చేశాం. నాలుగైదు గంటల్లో తేలిపోయే పని అది. ఈసారి కిలో పైచిలుకు మాంసాన్ని ముక్కలు కొట్టకుండా ఒకే ముద్దగా వండబోతున్నాం. అమెరికన్ ఇళ్లలో ఆదివారం భోజనానికి చేసే పాట్ రోస్ట్ అంటే ఇదే. పెద్ద ముక్కను మూకుడులో ఎర్రగా కాల్చి, కొద్దిపాటి రసంలో మూతపెట్టి గంటల తరబడి మగ్గనిస్తారు. చేయడంలో పెద్ద కష్టమేమీ లేదు. అక్కడి పుస్తకాల్లో రాసిన "లో (తక్కువ వేడి) మీద 8 గంటలు" అన్న లెక్కను తెచ్చి బెంగళూరు మాంసానికి అంటగడితేనే చిక్కు.

మాంసం సంగతి

అమెరికాలో కొట్టుకు వచ్చే పశువు చాలావరకు రెండున్నరేళ్ల లోపుది. మన దగ్గర సంగతి వేరు. కర్ణాటకలో 2020 చట్టం ప్రకారం ఆవు, ఎద్దు, దూడ ఏ వయసుదైనా కోయకూడదు. గేదె, దున్న అయితే 13 ఏళ్లు దాటి ఉండాలి. అంటే ఇక్కడ బీఫ్ అని అడిగితే సంచిలో పడాల్సింది వయసు మళ్లిన గేదె మాంసమే. ఈ పాఠమంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

వయసుతో ఏం మారుతుంది? కండకూ కండకూ మధ్య తెల్లటి పొరలు కనిపిస్తాయి కదా, వాటిలో ఉండేది కొలాజెన్. తడి వేడిలో చాలాసేపు ఉంటే అది కరిగి జెలటిన్ అవుతుంది. పాట్ రోస్ట్‌కు ఆ జిగురు, ఆ మెత్తదనం వచ్చేది దానివల్లే. పశువు ముదిరేకొద్దీ కొలాజెన్ పోగుల మధ్య అదనపు ముడులు పడతాయి. అవి వేడికి అంత తేలిగ్గా విడవవు. లేత పశువు ఎనిమిది గంటల్లో లొంగితే, ఇది పది పదకొండు గంటలు అడుగుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా.

దానికి తోడు ఊరి ఎత్తు ఒకటి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైతో పోలిస్తే మూడు డిగ్రీలు తక్కువ. వినడానికి ఏమంత కాదు గానీ, ముదురు మాంసం దగ్గర ఆ మూడూ లెక్కలోకి వస్తాయి. "అయితే హై మీద పెట్టేస్తే సరి" అనుకోకండి. మొదటి పాఠంలో చెప్పుకున్నాం, లో అయినా హై అయినా చివరికి చేరేది మరిగే స్థాయి దగ్గరికే. ఎంత తొందరగా చేరుతుందన్నదే తేడా. ఇంత పెద్ద ముక్కకు ఆ నిదానమే మేలు.

కొట్లో ఏ భాగం అడగాలి? భుజం (కొట్లలో దస్తీ అంటారు), లేదా మెడ దగ్గరి కండ. శివాజీనగర్ రసెల్ మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో "భాయ్, దస్తీ బోన్‌లెస్, కిలోంబావు, ఒకటే ముక్క, కట్ చేయొద్దు" అని గట్టిగా చెప్పండి. ఆ చివరి మాట మరిస్తే చెయ్యి అలవాటుకొద్దీ కూర ముక్కలు కొట్టేస్తుంది. అండర్‌కట్ బాగుంటుందని సలహా ఇస్తారు, వద్దనండి. అది నడుము లోపలి మెత్తటి కండ, అందులో కరగాల్సిన కొలాజెన్ పెద్దగా ఉండదు. పది గంటలు ఉడికిస్తే ఎండిన పీచు మిగులుతుంది, డబ్బూ దండగ. కోసిన చోట తెల్లటి పొరలు చారలు చారలుగా కనిపించే ముక్క తీసుకోండి. గేదె కొవ్వు తెల్లగానే ఉంటుంది. పసుపుపచ్చగా లేదని కంగారు పడక్కర్లేదు.

బీఫ్ తినని ఇళ్లలో ఇదే పద్ధతిలో మటన్ జబ్బ మొత్తంగా వండొచ్చు. ఏడెనిమిది గంటలు సరిపోతాయి. మిగతాదంతా అదే.

ముందురోజు రాత్రి

కిలోంబావు మాంసానికి మూడు టీస్పూన్ల ఉప్పు, ఒక టీస్పూన్ మిరియాల పొడి. అన్ని వైపులా రుద్ది, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. అంతే. పెరుగు వద్దు, అల్లం వెల్లుల్లి ముద్ద వద్దు. ముఖ్యంగా పచ్చి బొప్పాయి వద్దు. ముదురు మాంసం అనగానే మన చెయ్యి బొప్పాయి కాయ మీదకు పోతుంది. నిప్పు మీద కబాబుకు అది బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ బొప్పాయి పాలలోని పపాయిన్ గోరువెచ్చటి స్థితి నుంచి 70 డిగ్రీల దాకా చాలా చురుగ్గా ఉంటుంది. స్లో కుక్కర్ ఆ దశను దాటడానికే గంటలు తీసుకుంటుంది. ఆ గంటలన్నీ పైపొరను తినేస్తూ పోతుంది. చివరికి పైన పిండిలాగా, లోపల గట్టిగా తయారవుతుంది.

వైన్

స్వీట్ అని రాసి ఉన్నది, పోర్ట్ అని రాసి ఉన్నది ముట్టుకోకండి. క్రిస్మస్‌కు బెంగళూరు ఇళ్లలో లవంగాలు వేసి ఊరబెట్టే ద్రాక్ష వైన్ తాగడానికి బాగుంటుంది, దీనికి పనికిరాదు. చక్కెర, లవంగం కలిసి గ్రేవీని జామ్ చేసేస్తాయి. కావలసింది తీపి లేని డ్రై రెడ్. నంది కొండల కింది తోటల షిరాజ్ గానీ కాబెర్నే గానీ చాలు. ఖరీదైన సీసా కొనక్కర్లేదు, దాని సున్నితమైన వాసనలన్నీ పది గంటల్లో ఆవిరే. అలాగని తాగలేనంత నాసిరకం కూడా వద్దు. 750 మిల్లీలీటర్ల సీసాలో మనకు కావలసింది 300. మిగిలింది ఏం చేసుకోవాలో నేను చెప్పక్కర్లేదు.

వైన్‌ను నేరుగా కుక్కర్లో పోయకూడదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి ఆవిరి పోయే దారి పెద్దగా లేక పచ్చి సారా వాసన అందులోనే తిరుగుతుంది. మూకుడులో మరిగించి సగానికి తెచ్చాకే పోయాలి. అప్పుడు కూడా ఆల్కహాల్ పూర్తిగా పోదు. కాబట్టి తాగని అతిథులు వస్తుంటే, పిల్లలకు పెడుతుంటే ముందే చెప్పడం మర్యాద. వైన్ వద్దనుకుంటే దానికి బదులు తీపి కలపని దానిమ్మ రసం, ఒక చెంచా వెనిగర్ పోయండి. రుచి వేరేగా ఉంటుంది, బాగుంటుంది.

వండే రాత్రి

ఎక్కువసేపు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. వంట రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అందుతుంది. గంట ముందు మాంసాన్ని బయటపెట్టండి. కాగితపు టవల్‌తో అద్ది తడి పూర్తిగా తీసేయండి. మాంసం ఎర్రబడాలంటే పైభాగం 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపూ అది వందను దాటదు, వేగదు, ఉడుకుతుంది. స్లో కుక్కర్ ఎలాగూ ఆ వేడికి చేరలేదు. కాబట్టి ఈ రంగు, ఈ రుచి మూకుడులో సంపాదించుకున్నంతే.

ఇనుప మూకుడు బాగా కాలాక రెండు చెంచాల నూనె వేసి ముక్కను దించండి. చుయ్యిమన్న చప్పుడు రావాలి. రాకపోతే వెంటనే తీసేసి ఇంకాస్త కాగనివ్వండి. దించాక కదపకండి. మొదట మాంసం ఇనుముకు పట్టేసుకుంటుంది, అట్లకాడతో లాగితే చిరుగుతుంది. నాలుగైదు నిమిషాలు ఓపిక పడితే అడుగున పొర కట్టి దానంతటదే వదులుతుంది. రంగు వేయించిన కాఫీ గింజల రంగుకు దగ్గరగా రావాలి. లేత గోధుమ రంగు చూసి ఆగిపోకండి. అంచులతో సహా అన్ని వైపులా ఇలాగే. పావుగంట పైనే పడుతుంది, పొగ వస్తుంది, కిటికీ తెరిచిపెట్టుకోండి. పై అంతస్తులో ఓనరు ఉంటే వంట సంగతి వాళ్లకు ముందుగా తెలిసేది ఈ పావుగంటలోనే. ఆ తర్వాత కూడా రాత్రంతా కుక్కర్ నుంచి వాసన సన్నగా వస్తూనే ఉంటుంది.

ముక్క తీసి పళ్లెంలో పెట్టి, అదే మూకుడులో ఒక పెద్ద ఉల్లిపాయ తరుగు, ఒక క్యారెట్ ముక్కలు, చితక్కొట్టిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు వేయించండి. ఒక పెద్ద చెంచా టమాటో పేస్ట్ వేసి ఇటుక రంగు వచ్చేదాకా తిప్పండి. ఇప్పుడు వైన్ పోసి, అడుగున అంటిన నల్లటి చెక్కులన్నీ చెక్క గరిటెతో గీకండి. సగం రుచి అందులోనే ఉంది. వైన్ సగానికి తగ్గాక 150 మిల్లీలీటర్ల నీళ్లు మాత్రమే పోయండి. ఇంత తక్కువేమిటని అనిపిస్తుంది. స్లో కుక్కర్లో ఆవిరి పెద్దగా బయటికి పోదు, పైగా మాంసమే బోలెడు రసం వదులుతుంది. తెల్లారేసరికి అది రెట్టింపు దాటుతుంది.

ఆకుల సంగతి ఒక మాట. మన బిర్యానీ ఆకు వేస్తే దాల్చిన చెక్క వాసన వచ్చి ఇది ఏదో కుర్మాలాగా మారుతుంది. పుస్తకాల్లో చెప్పే బే లీఫ్ వేరే చెట్టుది. సూపర్ మార్కెట్లో దొరికితే రెండు ఆకులు వేయండి, లేకపోతే మానేయండి. ఎండు థైమ్ అర టీస్పూన్ చాలు.

మూకుడులోదంతా కుక్కర్లో పోసి, పైన మాంసం పెట్టి, లో మీద పెట్టి పడుకోండి. రసం ముక్కలో మూడో వంతు దాకా వస్తే చాలు, మునగక్కర్లేదు. కుక్కర్ అమెరికా నుంచి బంధువులు తెచ్చిందైతే వెనక చీటీ చూడండి. అది 120 వోల్టులదైతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి. రాత్రి కరెంటు పోయే ఇళ్లలో ఈ వంట పగలే పెట్టుకోండి. మీరు మేలుకుని ఉండగా పోతే గిన్నెలోకి మార్చి గ్యాస్ మీద సన్నటి సెగన కొనసాగించవచ్చు. మీరు నిద్రలో ఉండగా ఎంతసేపు పోయిందో తెలియకపోతే, మనసు ఎంత ఒప్పకపోయినా పారేయడమే. 60 డిగ్రీల కింద గంటల తరబడి ఉన్న మాంసాన్ని మళ్లీ మరిగించినా కొన్ని విషాలు పోవు.

తెల్లవారాక

ఆరున్నరకు లేచి మూత తీసి ఫోర్క్ గుచ్చి చూస్తే మాంసం రబ్బరులాగా తగులుతుంది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మాంసం మంచిది కాదని తీర్మానిస్తారు. కంగారు వద్దు. కండ పోగులు 60 డిగ్రీల దగ్గర ముడుచుకుని బిగుస్తాయి. ఆ బిగువును విడగొట్టే పని కొలాజెన్ కరిగాకే పూర్తవుతుంది. మూత తీయాల్సిన సమయం మాత్రం ఇదే, ఎందుకంటే కూరగాయలు వేయాలి. పొట్టు తీసిన బెంగళూరు గులాబీ ఉల్లిపాయలు ఓ పాతిక, కోయకుండా వేయండి. ఈ చిన్న ఉల్లిపాయలు చెదరకుండా ఉడుకుతాయి, వీటికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. ఊటీ క్యారెట్లు పెద్ద ముక్కలుగా, బంగాళదుంపలు సగాలుగా చేసి రసంలో మునిగేలా మాంసం పక్కకు తోయండి. రాత్రే వేస్తే తెల్లారికి గుజ్జవుతాయి. మూడు గంటలన్నా ఇవ్వండి. వైన్, టమాటోల పులుపులో దుంపలు మామూలుకన్నా నిదానంగా మెత్తబడతాయి.

తర్వాత మూత ఊరికే తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాలకు తక్కువ పట్టదు. తొమ్మిదిన్నరకు చూడండి. ముక్కలో అన్నిటికన్నా మందమైన చోట, రెండు కండలు కలిసే తెల్ల గీత మీద ఫోర్క్ దించి మెల్లగా తిప్పండి. తిప్పినప్పుడు పోగులు వాటంతటవే విడివడితే అయినట్టు. ఫోర్క్‌తో పాటు ముక్క మొత్తం తిరుగుతుంటే కాలేదు, ఇంకో గంట. గడియారం చూడకండి, ఆ గీతను చూడండి.

గ్రేవీ

మాంసాన్ని, కూరగాయలను తీసి మూతపెట్టి పక్కన ఉంచండి. రసాన్ని వడగట్టి పది నిమిషాలు కదపకుండా పెడితే కొవ్వు పైకి తేలుతుంది. గరిటెతో తీసేయండి. రసాన్ని మూకుడులో పోసి పెద్ద మంట మీద సగానికి తెచ్చి, ఒక చెంచా వెన్నలో ఒక చెంచా మైదా నలిపిన ముద్దను కొద్దికొద్దిగా కలపండి. ఉప్పు చివరనే చూడాలి, మరిగేకొద్దీ పెరుగుతుంది కాబట్టి. వగరుగా ఉంటే చిన్న బెల్లం పలుకు, జిడ్డుగా ఉంటే నాలుగు చుక్కల వెనిగర్.

మాంసాన్ని పోగులకు అడ్డంగా, వేలి మందాన కోసి గ్రేవీ పోయండి. అమెరికాలో అయితే దుంపల గుజ్జుతో తింటారు. నన్నడిగితే అనంతపురం, హిందూపురం ఇళ్లలోలాగా వేడి రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి ఈ గ్రేవీ పోసుకోవడానికి సాటి లేదు. సంగటికి ఇంత జిగురున్న రసం అరుదుగా దొరుకుతుంది.

మిగిలితే వెడల్పు గిన్నెలోకి మార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. కుక్కర్ పింగాణీ గిన్నెను వేడి మీద చన్నీళ్ల కింద పెట్టకండి, చీలుతుంది. మర్నాడు రసం గడ్డకట్టి వణుకుతూ ఉంటే కొలాజెన్ బాగా కరిగినట్టు లెక్క. అలా కట్టకపోతే నీళ్లు ఎక్కువ పోశారో, కొట్లో అండర్‌కట్ అంటగట్టారో ఆలోచించుకోండి.

వచ్చే పాఠం కాళ్ల పాయా. కొట్టుకు వెళ్లినప్పుడే కాళ్లు కాల్చి, గీకి, ముక్కలు కొట్టించి తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఇంట్లో ఆ పని పెట్టుకోకండి.