బిల్లు ఇంటికి రాగానే ఫోటో తీసి పెట్టుకోండి

పోయిన ఎండాకాలం తిరుపతిలో ఒక షాపులో ఫ్రిజ్ కొన్నాం. నాలుగు నెలలకే చల్లబడటం మానేసింది. షాపుకి వెళ్తే కంపెనీని అడగమన్నారు, కంపెనీకి ఫోన్ చేస్తే షాపునే అడగమన్నారు. తీరా బిల్లు తీసి చూస్తే అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్లకాగితం మిగిలింది. ఇప్పుడు మెషిన్లలో వచ్చే బిల్లులు వేడికి అట్లాగే మాసిపోతాయి. మా ఆవిడ కొన్నరోజే ఫోన్‌లో ఫోటో తీసి ఉంచబట్టి బతికిపోయాం. వారంటీ కార్డు కూడా అలాగే తీసుకోండి.

ఇంకోటి. ఫోన్‌లో ఎంత గొడవపడినా సాక్ష్యం మిగలదు. ఏం పాడైంది, మీకేం కావాలి అన్నది ఒక పేజీలో రాసి, 15 రోజులు గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు, ఆ ఫిర్యాదు నంబరూ రాసుకోండి. మాకు అక్కడితోనే పని అయింది, కంప్రెసర్ మార్చారు.

అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే, మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. మనం కట్టిన ధర 5 లక్షల వరకు అయితే ఫీజు లేదు. లాయర్ లేకుండా మనమే చెప్పుకోవచ్చు. కోర్టు అనగానే టెన్షన్ పడి చాలామంది వదిలేసుకుంటారు, అది చూస్తే బాధేస్తుంది. గడువు మాత్రం సమస్య మొదలైన రోజు నుంచి 2 ఏళ్లు. "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పుతుంటే ఆ తేదీ మీద ఒక కన్నేసి ఉంచండి.