నల్గొండ నుంచి కోనసీమ తీరానికి: రైలు, పంటు, కారు కలిపి యాత్ర వేసుకోవడం ఎలా?

నల్గొండ స్టేషన్లో రాత్రి నర్సాపురం బండి ఎక్కి పడుకుంటే, తెల్లారి కిటికీ తెరిచేసరికి కొబ్బరిచెట్లు కనిపిస్తాయి. పట్టాలు నర్సాపురంతో ఆఖరు. అక్కడ గోదావరి, అవతలి ఒడ్డున సఖినేటిపల్లి, ఆ పక్కన అంతర్వేది, ఆపైన సముద్రం. సముద్రం అనగానే మన దిక్కు వాళ్లం వైజాగో గోవానో తలుచుకుంటాం. కానీ నల్గొండ, మిర్యాలగూడ వాళ్లు బండి మారకుండా సముద్రం దాపుకు చేరే దారి ఇంటి ముందే ఉంది.

ఈ యాత్రలో నర్సాపురం, అంతర్వేది, రాజోలు, అమలాపురం, యానాం, కోరింగ, కాకినాడ, ఉప్పాడ చూసి సామర్లకోటలో తిరుగు రైలు ఎక్కొచ్చు. నాలుగు రోజులు చాలు. రైలు, నది దాటే పంటు, అద్దె కారు, మడ అడవుల్లో పడవ అన్నీ ఉంటాయి. ఏది చూసినా విడిగా తేలికే. ఒకదానికి ఒకటి అతికించేటప్పుడే తిప్పలు.

ఆ తిప్పలు నేను పడ్డాను. మొదటిసారి పోయినప్పుడు అంతర్వేది నుంచి వెనక్కి నర్సాపురం వచ్చి రాత్రి రైలు ఎక్కాలనుకున్నాం. రేవుకు వచ్చేసరికి చీకటి పడింది, పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది. రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు చుట్టి స్టేషన్‌కు చేరేసరికి బండి వెళ్లిపోయింది. అమ్మ ఆ రాత్రంతా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంది. రెండు నెలల ముందు రైలు రిజర్వేషన్ చేయించాను, గదులు మాట్లాడాను, కారు మాట్లాడాను. ఆఖరి పంటు ఎన్నింటికని మాత్రం ఎవరినీ అడగలేదు. అప్పటి నుంచి నేను యాత్ర వేసుకునే వరుస మారిపోయింది: ముందు నీళ్లు, తర్వాత తిరుగు రైలు, తర్వాత కారు, గదులు చివరికి.

మొదటి మెట్టు: గోదావరి ఏ నెలలో దాటనిస్తుందో చూసుకోండి

జులై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరద కాలం. వరద వస్తే పంటు ఆపేస్తారు. భద్రాచలం వార్తలు మనకు రోజూ వస్తాయి కాబట్టి ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం కష్టం కాదు: భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లే ఒకటి రెండు రోజుల్లో ధవళేశ్వరం చేరతాయి. అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ ఉన్న నేలే కోనసీమ. కాబట్టి భద్రాచలంలో మొదటి హెచ్చరిక విన్నారంటే మీ యాత్రను వాయిదా వేసుకోండి, లేదా పంటు మాట మరిచి వంతెన దారి పట్టండి.

పులస చేప తినాలని ఆశపడి వచ్చేవాళ్లకు చిక్కు ఇక్కడే. పులస ఎదురీదేది వరద నీళ్లలోనే. చేప కావాలంటే పంటు ఆగిపోవచ్చునని ముందే ఒప్పుకుని బయల్దేరాలి.

అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం. కాకినాడ ఓడరేవులో ఏ నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో వార్తల్లో చెప్తారు. అది ఎగిరిందని వింటే పడవల ఆలోచన మానేయండి. నా మటుకు డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు మంచి కాలం. అందులో రెండు సమయాలు తప్పించాలి. ఒకటి సంక్రాంతి: హైదరాబాదు నుంచి కోస్తాకు పోయే బండ్లన్నీ నిండిపోతాయి, పండగ అయిపోయాక తిరుగు బండ్లదీ అదే పరిస్థితి. రెండోది భీష్మ ఏకాదశి: అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం జరిగేది ఆ నాళ్లలోనే. యాదగిరిగుట్ట, మట్టపల్లి నరసింహుణ్ణి కొలిచే మన జిల్లా వాళ్లకు ఆ కల్యాణం చూడాలని ఉండటం సహజం. అయితే కల్యాణానికే పోండి, తీరమంతా చుట్టే యాత్రను దానితో కలపొద్దు.

రెండో మెట్టు: తిరుగు టికెట్ ముందు, పోయే టికెట్ తర్వాత

రైలు రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరుకు ముందు 120 రోజులు ఉండేది, ఆ పాత లెక్క మీద ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. నల్గొండ వాళ్లు తిరుగు ప్రయాణానికి సామర్లకోటలో విశాఖ ఎక్స్‌ప్రెస్ పట్టుకోవచ్చు, గుంటూరు, మిర్యాలగూడ మీదుగా వస్తుంది. పగటిపూట కూర్చుని రాగలిగితే జన్మభూమి ఉంది. మహబూబ్‌నగర్ వాళ్లు కాచిగూడ లేదా సికింద్రాబాద్ చేరి అక్కడి నుంచి మొదలుపెట్టాలి కాబట్టి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా కాకినాడ చేరి ఈ యాత్రను తిరగేసి చేసుకోవడం మేలు: కాకినాడతో మొదలు, నర్సాపురంతో ఆఖరు. అలా చేస్తే పంటు చివరి రోజున వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నానికల్లా నది దాటేయాలి.

తేదీ దగ్గర జాగ్రత్త. అర్ధరాత్రి దాటాక మన స్టేషన్‌కు వచ్చే బండికి, ఎక్కే స్టేషన్ తేదీయే మీ ప్రయాణ తేదీ. శుక్రవారం రాత్రి భోంచేసి స్టేషన్‌కు పోతున్నాం కదా అని శుక్రవారానికే చేస్తే, మీ బండి ముందు రోజు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. 12 గంటల 10 నిమిషాలకు వచ్చే బండికి శనివారం తేదీ వేయాలి.

తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు. తప్పనిసరి అయితే, బండి బయల్దేరే స్టేషన్ నుంచి లెక్కవేసి ముందు రోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు తెరుచుకుంటుంది. ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే రైలు టికెట్లు కొనే మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ జతచేసి ఉండాలి. ఆ పని ఈ రోజే చేసి పెట్టుకోండి.

మూడో మెట్టు: పంటు

సాగర్‌లో నాగార్జునకొండకు లాంచీ ఎక్కినవాళ్లకు, కురుమగడ్డ దత్తాత్రేయుని దగ్గరికి కృష్ణలో పుట్టి ఎక్కినవాళ్లకు నీటి మీద ప్రయాణం కొత్త కాదు. పంటు వేరు. బల్లపరుపుగా ఉండి మనుషులతోపాటు మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు ఎక్కే పడవ అది. ఒడ్డుకు ఆనగానే ముందు బైకులు, ఆ వెనక ఆటోలు దిగుతాయి. పంటు నడిపే మనిషి చేతితో సైగ చేసినప్పుడే కారు ఎక్కించాలి. ముందు చక్రాలు బల్ల మీదికి రాగానే పంటు ఒక్కసారి కిందికి కుంగుతుంది. కొత్తవాళ్లు అక్కడే భయపడి బ్రేకు తొక్కుతారు. తొక్కొద్దు. నెమ్మదిగా, ఆగకుండా ఎక్కించి, ఆపాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, ఇంజన్ ఆపేయండి. డ్రైవర్ తప్ప మిగతావాళ్లు ముందే దిగి నడిచి ఎక్కాలి. నది మధ్యలో ఉన్నప్పుడు ఎవరూ కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చోకూడదు, పిల్లలైతే అసలే వద్దు.

ఫోన్లో వెతికితే దొరికే సమయాలు నమ్మకండి. గది ఇచ్చేవాళ్లనో, రేవు పక్కన టీకొట్టు ఆయననో మూడు ప్రశ్నలు అడగండి: ఈ వారం పంటు తిరుగుతోందా? ఆఖరిది ఎన్నింటికి? కార్లను ఎక్కిస్తున్నారా, మనుషులను, బైకులనేనా? మూడోది చాలామంది మరిచిపోతారు. చిల్లర నోట్లు జేబులో పెట్టుకోండి. పొద్దుగూకే లోపు దాటడం అన్నది నేను పెట్టుకున్న నియమం, మీరూ పెట్టుకోండి.

పంటు ఆగితే చించినాడ వంతెన ఉంది. ఫోన్ మ్యాపులో దారి పెట్టేటప్పుడు ఒక్క మాట: వంతెన అవతల ఉన్న ఊరు దిండి. ఇంగ్లిషులో రాస్తే మన దేవరకొండ దగ్గరి డిండి స్పెల్లింగే. మ్యాపు మిమ్మల్ని వెనక్కి నల్గొండకే తోలకుండా రాజోలు పేరు కూడా జతచేసి వెతకండి.

నాలుగో మెట్టు: కారు

ముందు తేల్చుకోవాల్సింది కారు ఎక్కడ తీసుకుని ఎక్కడ వదిలేస్తారన్నది. మనమే నడుపుకునే కారును తీసుకున్న ఊళ్లోనే అప్పజెప్పమంటారు, మన యాత్రేమో ఒక చోట మొదలై ఇంకో చోట ముగుస్తుంది. అందుకని నర్సాపురంలోనో అమలాపురంలోనో డ్రైవర్‌తో సహా ట్యాక్సీ మాట్లాడుకుని కాకినాడలో డ్రాపింగ్ అడగడమే మంచిదని నా అభిప్రాయం. కోనసీమ రోడ్లు కాలువ గట్ల మీద సన్నగా ఉంటాయి, ఎదురుగా కొబ్బరి లారీ వస్తే ఎక్కడ తప్పుకోవాలో ఆ ఊరి డ్రైవర్‌కే తెలుసు.

బేరం మాట్లాడేటప్పుడు అన్నీ ముందే తేల్చుకోండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, పైన కిలోమీటరుకు ఎంత, డ్రైవర్ బత్తా, రాత్రి చార్జీ, ఖాళీగా వెనక్కి పోయే కిలోమీటర్లు ఎవరి లెక్కలో, పంటు రుసుము ఎవరిది. మాట్లాడింది మాట్లాడినట్టు వాట్సాప్‌లో రాసి పంపి, సరే అని జవాబు తెప్పించుకోండి.

సొంతంగా నడుపుకోవాలనే పట్టుదల ఉంటే నంబర్ ప్లేటు చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది మనమే నడుపుకోవడానికి అద్దెకిచ్చే లైసెన్సు బండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ట్యాక్సీ. తెల్ల ప్లేటు సొంత బండి, అది ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. ప్రమాదం జరిగితే అద్దెకు తిప్పుతున్నారన్న కారణంతో బీమా ఎగ్గొట్టే అవకాశం ఉంటుంది. తీసుకునేటప్పుడు పగటి వెలుతురులో కారు చుట్టూ తిరుగుతూ వీడియో తీయండి. గీతలు, సొట్టలు, టైర్లు, స్టెప్నీ, జాకీ, ఇంధన ముల్లు, ఓడోమీటరు అన్నీ అందులో రావాలి. ఒకసారి నేను చీకట్లో తాళం తీసుకుని, పాత గీతకు డబ్బు కట్టి వచ్చాను. ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం తేదీలు కూడా చూడాలి. మన దగ్గరి నుంచే కారు తీసుకుపోతుంటే ఆంధ్రలోకి పర్మిట్ ఉందా, లేకపోతే ఆ డబ్బు ఎవరు కట్టాలని అడగండి.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అక్కడ పెట్రోలు చవక. ఎదుర్లంక వంతెన దాటగానే నింపుకోవచ్చు. మందు సీసాలు మాత్రం కారులో పెట్టుకోకండి, ఆంధ్ర పోలీసులు ఆపి చూస్తారు, కేసవుతుంది.

ఐదో మెట్టు: రోజులు పంచుకోవడం

రోజుకు ఒక్క నీటి పని మాత్రమే పెట్టుకోవాలి. మొదటి రోజు పొద్దున్నే నర్సాపురంలో దిగి, టిఫిన్ చేసి, పంటు దాటి అంతర్వేది. స్వామి దర్శనం తర్వాత వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూడండి. రాత్రికి రాజోలు లేదా దిండి. రెండో రోజు అప్పనపల్లి బాలబాలాజీ గుడి, సాయంత్రం ఓడలరేవు, అమలాపురంలో పడక. మూడో రోజు యానాం మీదుగా కోరింగ, రాత్రికి కాకినాడ. అమలాపురం నుంచి కాకినాడ సుమారు 65 కిలోమీటర్లే. నాలుగో రోజు ఉప్పాడ.

కోరింగ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, మడ చెట్ల వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. పడవ పోయే కాలువల్లో నీళ్లు సముద్రపు పోటు మీద ఆధారపడతాయి. పోటుకూ ఆటుకూ నడుమ 6 గంటల పైచిలుకు, రోజురోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమికి తేడా ఎక్కువ. ఆటు సమయంలో పోతే బురద తప్ప నీళ్లుండవు, పడవ కదలదు. ముందు రోజు రాత్రి కాకినాడ ఆటుపోట్ల పట్టిక ఫోన్లో చూసి, పోటుకు గంట ముందు అక్కడ ఉండేలా అమలాపురంలో బయల్దేరండి.

బావుల్లో, సాగర్ కాలువల్లో ఈత నేర్చిన మన పిల్లలకు ధైర్యం ఎక్కువ. బావి నీళ్లు లాగవు, సముద్రం లాగుతుంది. నది కలిసే చోట అయితే అడుగున ఇసుక ఒక్కసారిగా జారిపోతుంది. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, ఓడలరేవులో మోకాలి లోతు దాటనివ్వకండి. ఎంత బతిమాలినా సరే.

ఉప్పాడలో జాందానీ చీరలు నేసే ఇళ్లకు పోయి చూడండి. పుట్టపాక, పోచంపల్లి మగ్గాలు చూసిన కళ్లకు ఆ పని విలువ వెంటనే తెలుస్తుంది: మనవాళ్లు నూలుకు ముందే రంగు కట్టి నేస్తారు, వాళ్లు నేస్తూనే బుటాను దారం దారంగా ఎక్కిస్తారు. ఉప్పాడ తీరపు రోడ్డును అలలు కోస్తూ ఉంటాయి, సముద్రం పోటు మీద ఉన్న రోజు ఆ దారి మూసేస్తారు. కాకినాడ నుంచి పిఠాపురం మీదుగా ఇంకో దారి ఉంది, డ్రైవర్‌కు ముందే చెప్పండి.

తిరుగు రోజు

కాకినాడ నుంచి సామర్లకోట 15 కిలోమీటర్లకు అటు ఇటు. అయినా రైలుకు రెండు గంటల ముందు బయల్దేరండి. కాజా డబ్బాలు చేతి సంచిలో, ఎండుచేపలు రెండు కవర్లలో కట్టి సీటు కింద. రాత్రి బండి అయితే 139కి ఫోన్ చేసి, మీ స్టేషన్ రాబోయే ముందు లేపమని పెట్టుకోవచ్చు. గుంటూరు దాటాక మళ్లీ గాఢంగా నిద్ర పడుతుంది. మిర్యాలగూడ రాగానే లేచి సామాను సర్దుకోండి, నల్గొండలో బండి ఎక్కువసేపు ఆగదు.