పాత మోడల్ విమానం ఇంజన్ ముక్కలుగా వచ్చిందా? ముందు ఏది ఎటు తిరగాలో చూడండి

సెకండ్ హ్యాండ్‌లో గ్లో ఇంజన్ (ఎగిరే బొమ్మ విమానాలకు పెట్టే, గ్లో ప్లగ్‌తో నడిచే చిన్న ఇంజన్) కొంటే చాలాసార్లు కవర్లో పోసిన సామానే చేతికొస్తుంది, అందులో రెండు ఇంజన్ల ముక్కలు కలిసిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు. క్రాంక్‌కేస్ (ఇంజన్ బయటి ఒళ్ళు) పక్కన ఉన్న నంబరు చూడండి, అది ఇంజన్ సైజు. 40 అంటే 0.40 ఘనపు అంగుళాలు, అంటే 6.5 సీసీ, 61 అయితే 10 సీసీ. హెడ్ మీద ప్లగ్ బదులు పిడి ఉన్న స్క్రూ ఉంటే అది డీజిల్, లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) లోపల పైభాగంలో ఇంకో చిన్న పిస్టన్ ఉంటుంది, దాన్ని సుత్తితో కొట్టకండి.

ముక్కలు బిగుసుకుపోయి ఉంటే కారణం ఎక్కువగా ఆముదమే, ఇంధనంలో కలిపేది అదే కదా, ఎండిపోయి బంకలా పట్టేస్తుంది. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేస్తే వదులుతుంది. కాస్టిక్ సోడాలో మాత్రం వేయొద్దు, అల్యూమినియం కరిగిపోతుంది.

అసలు పని లైనర్ దగ్గర. ఎగ్జాస్ట్ కిటికీ సైలెన్సర్ బిగించే వైపుకు రావాలి. లైనర్ అంచున చిన్న గాడి ఉంటే కేస్‌లో ఉన్న పిన్ను అందులో కూర్చోవాలి. పిస్టన్ నెత్తిన అడ్డగోడలా మిట్ట ఉంటే దాని నిటారు వైపు ఎగ్జాస్ట్‌కు అవతలి పక్కకు, అంటే మిశ్రమం పైకి వచ్చే ట్రాన్స్‌ఫర్ వైపు ఉండాలి. ఇది తిరగేస్తే ఇంజన్ సరిగా నడవదు, మీరేమో కార్బ్యురేటర్ సూదిని తిప్పుతూ కూర్చుంటారు. పిస్టన్‌ను క్రాంక్‌కు (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ పెద్ద కన్నానికి ఒక పక్క అంచు ఏటవాలుగా చెక్కి ఉంటే ఆ పక్క క్రాంక్ పలక వైపుకు.

రింగు లేని ఏబీసీ (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూసిన ఇత్తడి లైనర్) పిస్టన్‌ను లైనర్‌లోకి కింది నుంచి తోస్తే హాయిగా వెళ్ళి పైన బిగుస్తుంది. అది అలాగే ఉండాలి, పాడైందనుకొని ఉప్పు కాగితం పెట్టారంటే కంప్రెషన్ గోవిందా. పిస్టన్, లైనర్ జోడీగా తయారైనవి, వేరే ఇంజన్‌ది కలపకండి.

ఎక్కువ ఇంజన్లలో రాడ్‌తో సహా పిస్టన్‌ను పైనుంచి దించి, వెనక నుంచి క్రాంక్ పిన్నుకు తగిలించి, ఆ తర్వాతే లైనర్ దించాలి. హెడ్ కింద పల్చటి షిమ్‌లు (రేకు రింగులు) ఎన్ని ఉంటే అన్నీ తిరిగి వేయండి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. జపాన్ ఇంజన్లవి మిల్లీమీటర్ మరలు, పాత అమెరికా వాటివి అంగుళాలవి, బలవంతంగా ఎక్కిస్తే కేస్‌లో మర పోతుంది.

మన నెల్లూరు, ఒంగోలు వైపు సముద్రపు గాలికి బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. గరగరమంటే మార్చేయండి. రొయ్యల చెరువుల మోటార్లకు బేరింగులు అమ్మే షాపులో పాతది చూపిస్తే నంబరు చూసి ఇస్తారు, అంగుళాల సైజుదైతే మాత్రం అక్కడ దొరకడం కష్టం.

చివరగా ప్లగ్ తీసేసి ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ఎక్కడైనా ఇనుము ఇనుముకు తగిలినట్టు అనిపిస్తే ఆపి బ్యాక్‌ప్లేట్ (వెనక మూత), హెడ్ విప్పి చూడాలి, ఇంధనం తర్వాత.