డిఫాల్ట్ విలువ మార్చే ముందు

ఓపెన్ సోర్స్ ఏపీఐ సర్వర్ లైబ్రరీ చూసుకునేవాళ్ళకి ఒక మాట. ఫంక్షన్ పేరు మారిస్తే వాడేవాళ్ళ బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, వెంటనే తెలుస్తుంది. అదే టైమౌట్ (రిక్వెస్టు పూర్తవడానికి సర్వర్ ఇచ్చే గడువు) డిఫాల్ట్‌ని, అంటే వాడేవాళ్ళు ఏమీ సెట్ చేయకపోతే పనిచేసే విలువని, 60 సెకన్ల నుంచి 30కి తగ్గిస్తే కోడ్ మామూలుగానే కంపైల్ అవుతుంది, టెస్టులూ పాసవుతాయి. పెద్ద ఫైల్ అప్‌లోడ్ మధ్యలో తెగిపోయినప్పుడే బయటపడుతుంది. పాపం, లైబ్రరీ వాడేవాళ్ళు తమ కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు.

అందుకే ఇలాంటి మార్పుని చిన్న తప్పులు సరిదిద్దే ప్యాచ్ రిలీజ్‌లో పెట్టకండి. ముందు, పాత కోడ్ చెడకుండా కొత్తవి చేర్చే మైనర్ వెర్షన్‌లో, ఆ విలువ సెట్ చేయనివాళ్ళకి సర్వర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి వార్నింగ్ చూపించండి. ప్రతి రిక్వెస్టుకీ వద్దు, లాగ్ నిండిపోతుంది. పాత తీరే కావాలంటే ఏ సెట్టింగ్ రాయాలో ఆ లైన్ వార్నింగ్‌లోనే ఉండాలి. అసలు మార్పు, పాత కోడ్ మార్చుకోవాల్సి రావచ్చని తెలిపే మేజర్ వెర్షన్‌లో చేయండి, మార్పుల జాబితా అయిన ఛేంజ్‌లాగ్‌లో అన్నిటికంటే పైన రాయండి.