శ్రీకాకుళం పార్కులో పదిమందికీ చంద్రుణ్ణి చూపించాలంటే

ముందు తిథి చూసుకోండి. పున్నమి నాడు జనం బాగానే వస్తారు గానీ, నీడలుండవు కాబట్టి చంద్రుడి మీద గుంటలు తేలవు. అష్టమి మంచిదంటారు, నిజమే. కానీ మాఘ, ఫాల్గుణాల్లో మన దగ్గర అష్టమి చంద్రుడు పొద్దుగూకేసరికి నడినెత్తిన ఉంటాడు. డాబ్సోనియన్ టెలిస్కోపుని (నేల మీద పెట్టె లాంటి పీటలో తిరిగే అద్దం టెలిస్కోపు) నిటారుగా లేపితే పక్కకి తిప్పడం చాలా కష్టం. ఆ నెలల్లో శుక్ల పంచమి, షష్ఠి మేలు. పడమటి ఆకాశంలో అందే ఎత్తులో రాత్రి తొమ్మిదింటిదాకా దొరుకుతాడు.

పార్కు దీపాలు ఆర్పమని మున్సిపాలిటీకి వారం ముందే కాగితం పెట్టండి. ఆర్పకపోయినా చంద్రుడికి నష్టం లేదు. వెలుగు కంట్లో పడకుండా చెట్టు చాటు చూసుకుంటే చాలు.

టెలిస్కోపుని 40 నిమిషాల ముందే ఆరుబయట పెట్టండి. అద్దం చల్లబడకపోతే బొమ్మ మరుగుతున్న నీళ్లలా కదులుతుంది. సూర్యుడు పూర్తిగా దిగాక, ఇంకా వెలుతురుండగానే, కిలోమీటరు అవతలి సెల్ టవర్ కొన మీద ఫైండర్ (టెలిస్కోపు మీద గురి చూసుకునే చిన్న పరికరం) సరిచేసుకోండి.

8 అంగుళాల డాబ్సోనియన్‌కి (ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి బొమ్మ ఏర్పడే దూరం, 1200 మిల్లీమీటర్లు) 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే బొమ్మ 48 రెట్లు పెద్దదవుతుంది. చంద్రుడు మొత్తం పడతాడు. ఆ పూట గురుడుంటే, దాని పెద్ద చంద్రులూ ఇందులోనే కనిపిస్తాయి. జనం ఉన్నంతసేపూ 10 మిల్లీమీటర్ల ఐపీస్ జోలికి పోకండి. అందులో బొమ్మ ఇంకా పెద్దది, భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఏదైనా ఇట్టే జారిపోతుంది. 25లోనే నిమిషం దాటితే చంద్రుడి అంచు తెగుతుంది, కాబట్టి ప్రతి మనిషికీ మళ్లీ మధ్యకి తెచ్చుకోవాలి. మనిషికి నిమిషం చొప్పున గంటన్నరలో 90 మంది. అంతకుమించి వస్తారనుకుంటే రెండో టెలిస్కోపు తప్పదు.

పిల్లలకి గట్టి స్టూలు వేయండి. అది లేకపోతే గొట్టం పట్టుకునే ఎక్కుతారు. దూరం లేదా దగ్గర చూపు అద్దాలున్నవాళ్లని "అమ్మా, కళ్లజోడు తీసి, ఈ నాబ్ మెల్లగా తిప్పండి" అని అడగండి. తర్వాతివాళ్లకి ఫోకస్ మళ్లీ సరిచేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. "కనబడిందా?" అని అడగొద్దు. ఏమీ కనబడకపోయినా వెనక వరస చూసి మొహమాటానికి "ఆఁ" అనేసి దిగిపోతారు. "వెలుగు ఏ వైపుంది? గుంటలు ఏ అంచున ఎక్కువున్నాయి?" అనడగండి. చెప్పలేకపోతే కన్ను సరైన చోట లేదన్నమాట. తల కాస్త వెనక్కి తెచ్చి, మళ్లీ మెల్లగా ముందుకి వంగమనండి. ఇక్కడ పోయే అర నిమిషం దండగ కాదు. అంత దూరం నడిచొచ్చిన మనిషికి చంద్రుడు కనబడి తీరాలి.

నక్షత్రాల కోసమైతే అమావాస్య దగ్గర కళింగపట్నం తీరానికి వెళ్లండి. తూర్పంతా సముద్రం, దీపాలు తక్కువ. ధ్రువ నక్షత్రం ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చాచిన చేతి పిడికిళ్లు రెండుకి కాస్త తక్కువ. ఫిబ్రవరి రాత్రి దక్షిణాన దాదాపు అంతే ఎత్తులో అగస్త్య నక్షత్రం. ఉప్పుగాలికి అద్దం పాడవుతుంది, వాడనప్పుడు మూత పెట్టే ఉంచండి.

మంచు పట్టిన అద్దాన్ని గుడ్డతో తుడవకండి, పూత గీసుకుపోతుంది. తడి మీద మూత బిగించినా బూజు పడుతుంది. ఇంటికి తెచ్చాక గొట్టం నోరు కాస్త కిందికి వంచి, ఆరేదాకా గదిలో తెరిచి ఉంచండి.